వెర్లా మోకాళ్ల మీద పడ్డ నింద

వెర్లా హాకెట్‌కు కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. టూమైల్ ఊళ్లో నలభై ఏళ్ల లోపు వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆవిడ నడిపే పసుపుపచ్చ బడి బస్సులో ఎక్కి దిగినవాళ్లే కదా అందరూ! డ్రైవరు అద్దంలో ఆ చెవుల రంగు చూసుకునే వెనక సీట్ల అల్లరి పెరిగేది, తగ్గేది.

అటువంటి మనిషిని పట్టుకుని జూన్ మొదటి శనివారం నాడు, నలభైమంది వింటుండగా, "తుపాకీ నిక్షేపంగా ఉంది మిస్ వెర్లా, మీ మోకాళ్లకే వయసైపోయింది" అన్నాడు లానీ ప్రూయెట్. నలభైమందీ నవ్వారు. ఎవరీ లానీ? రెండో తరగతిలో బస్సులో కక్కుకుని గజగజ వణుకుతుంటే, ఆవిడ తన స్వెట్టరు విప్పి తొడిగి ఇంటికి చేర్చిన పిల్లాడు. ఇప్పుడు పెద్దరోడ్డు మీద తుపాకుల దుకాణం, నల్లటి గడ్డం, నడుముకు పనిముట్ల సంచి. స్వెట్టరు మాట అతనికి గుర్తుందో లేదో గానీ వెర్లాకు మాత్రం గుర్తుంది. అది తిరిగి రాలేదు కూడా.

ఈ రభసంతా ఒక చెక్క విరగడంతో మొదలైంది.

ఆ తుపాకీ మొదట వెర్లా భర్త డోయల్‌ది. ఊరి బయట గుట్ట మీద నెలకో శనివారం దూరపు గురి పోటీలు జరుగుతాయి. నాలుగు వందల గజాల నుంచి ఎనిమిది వందల దాకా ఇనప పలకలు వేలాడదీసి ఉంటాయి. నేల మీద పడుకుని, కంచె మీద ఆనించి, టైరు మీద పెట్టి, రకరకాలుగా కాల్చాలి. తగిలితే పలక మోగుతుంది, లెక్క రాసేవాడు "తగిలింది!" అని అరుస్తాడు. డోయల్ అందులో మంచి చెయ్యి. ఆయన చూపు మందగించడం మొదలైన ఏడాది, రొట్టెముక్కల డబ్బా మోసుకుని వెంట వెళ్లిన వెర్లా, ఊరికే కూర్చోలేక, "ఇందులోంచి ఏం కనబడుతుందేమిటి?" అని తుపాకీ వెనక బోర్లా పడుకుంది. ఆవిడకు ప్రతిదీ చూడాలి, ప్రతిదాన్నీ అడగాలి. మొదటి గుండు మట్టిలో పడింది. రెండోది ఆరువందల గజాల పలకను మోగించింది. అప్పుడు ఆవిడకు యాభై రెండు. ఇప్పుడు అరవై ఒకటి. డోయల్ కళ్లు పోయినా చెవులు పాము చెవులు. మడత కుర్చీలో కాఫీ తాగుతూ పలక మోత విని, అంచున తగిలిందో నడుమ తగిలిందో చెప్పేస్తాడు.

కిందటేడాది ఆవిడ క్లబ్బులో నాలుగో స్థానంలో నిలిచింది. సెప్టెంబరులో జరిగే రాష్ట్ర పోటీకి క్లబ్బు నుంచి వెళ్లేది నలుగురే. అందులో ఆవిడది జాలిపడి ఇచ్చిన చోటు కాదు, పలకలు మోగించి సంపాదించుకున్నది.

జనవరిలో, సున్నాకు ఇరవై డిగ్రీల కిందున్న ఓ పొద్దున, పికప్ బండి వెనక తలుపు మీంచి తుపాకీ జారి గడ్డకట్టిన నేల మీద పడింది. ఇనుముకు ఏమీ కాలేదు. చెక్క దిమ్మ మాత్రం చెయ్యి పట్టుకునే సన్నపాటి చోట విరిగింది.

"అతికిద్దాంలే," అన్నాడు డోయల్.

"పెళ్లిలో మీ అమ్మ ఇచ్చిన పింగాణీ గిన్నె కూడా అతికించావు. ఇప్పటికీ కారుతోంది," అంది వెర్లా. "ఈసారి చాసీ వేయిద్దాం. అందరూ అవేగా వాడుతున్నారు."

లారీకి చాసీ ఉన్నట్టే తుపాకీకీ ఉంటుంది. చెక్క ఉండవలసిన చోట అల్యూమినియం అస్థిపంజరం. దాని మీద గొట్టమూ ట్రిగ్గరూ కూర్చుంటాయి. చుట్టూ ఎవరికి కావలసిన హంగులు వాళ్లు తగిలించుకోవచ్చు. అక్కడే వచ్చింది తంటా.

లానీ దుకాణానికి వెళ్లి వెర్లా బల్ల మీద అరచెయ్యి ఆనించింది. "నాకు మూడంటే మూడే కావాలిరా. భుజందిండు నా చేతి పొడుగుకు సరిపోవాలి. చెంప ఆనే పట్టీ నా చెంప ఎత్తుకు రావాలి. ముందువైపు కాస్త బరువుండాలి, పేలగానే మూతి ఎగరకుండా. అంతే."

"అంతేనా మిస్ వెర్లా? కొత్త చాసీ కొని మూడింటితో ఆపేస్తారా ఎవరన్నా? కొత్త పికప్ కొని సీటు వద్దులే అన్నట్టుంది!"

అని లోపలికి వెళ్లి పళ్లేలకు పళ్లేలు మోసుకొచ్చాడు. పెళ్లివారికి నగలు చూపించే షావుకారు కూడా అంత ఓపిగ్గా చూపించడు. ముందుభాగాన్ని జానెడు పొడిగించే కొస ముక్క. కంచెకు ఆనించేటప్పుడు జారకుండా పట్టే కొక్కెం. ఇసకసంచి మీద కూర్చోవడానికి అడుగుపట్టీ. వాలకుండా చూసుకోవడానికి నీటిబుడగ గొట్టం. ముందువైపు బరువు కోసం అడుగున బిగించే ఉక్కు బిళ్లలు రెండు. ఊదారంగు పిడి ఒకటి.

"ఇదేంట్రా, ఈ రంగు?"

"ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా చేసిందండీ."

"ఏం, మా చేతులు ఊదారంగులో ఉంటాయా?"

దుకాణంలో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. లానీ కూడా నవ్వాడు. కానీ నల్ల పిడి రావడానికి నెల పడుతుందన్నాడు, ఊదాదే బిగించాడు. అంతా అయ్యాక తుపాకీ ఎత్తి తన భుజానికి ఆనించుకుని, "చూశారా, ఎంత చక్కగా కుదిరిందో!" అన్నాడు.

"నీ భుజానికి కుదిరితే నాకేంరా ఒరిగేది? నేను నీకంటే జానెడు పొట్టి. దించు. కొలత నా మీద తియ్యి."

తీశాడు. తీస్తూనే పక్కనున్న ముగ్గురితో జింకల వేట లైసెన్సుల లాటరీ గురించి మాట్లాడుతున్నాడు. ఉక్కు బిళ్లలకు వచ్చిన పొట్లంలో స్క్రూలు రెండు తగ్గాయి. సొరుగు లాగి ఓ డబ్బాలోంచి వేరేవి తీసి బిగించాడు. వెర్లా కళ్లు ఆ డబ్బా మీదే ఉన్నాయి.

"అవి ఇందులోవేనా లానీ?"

"అన్నీ ఒకటే మిస్ వెర్లా."

తప్పంతా లానీ మీద తోసేస్తే అన్యాయం అవుతుంది. మూడే అని వెళ్లిన మనిషి తొమ్మిది తగిలించుకుని వచ్చింది. ఇంటికి వెళ్లి వంటింటి బల్ల మీద పెట్టి, తళతళలాడుతున్న ఆ ఎముకల గూటిని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని మురిసింది కూడా. డోయల్ తడిమి చూసి, "ఇది తుపాకీయా, క్రిస్మస్ చెట్టా?" అన్నా పట్టించుకోలేదు.

ఏప్రిల్ పోటీలో పడుకుని కాల్చిన పదికి తొమ్మిది మోగాయి. అందరూ భుజం తట్టారు. ఆ తర్వాత చెక్క కంచె మీద ఆనించి, మోకాళ్ల మీద కూర్చుని కాల్చే వంతు వచ్చింది. పదికి మూడు. గాలి అనుకున్నారు. మే నెలలో రెండు. తుపాకీలోనే ఏదో ఉందని వెర్లా అంటే, క్లబ్బు వాళ్లు పెదాలు బిగించి నవ్వుకున్నారు. "ఆడలేక మద్దెల ఓడు" అని ఒకరి చెవిలో ఒకరు అనుకున్నారు. ఆవిడ వింటుందని తెలిసే అనుకున్నారు.

జూన్ పోటీ రోజు పొద్దున్నే జట్టు నాయకుడు గెరిట్ టోల్స్‌మా వచ్చాడు. పాలడైరీ మనిషి, పొడుగరి, నెమ్మదస్థుడు. ఎవరినీ నొప్పించడు. అందువల్లే ఎవరి పక్షమూ వహించడు.

"ఓసారి లానీ చేత చూపిద్దాం వెర్లా. అందరి అనుమానమూ తీరిపోతుంది," అన్నాడు.

తుపాకీని బల్లకున్న మెత్తటి దవడల పట్టులో కదలకుండా బిగించారు. గొట్టం చాసీని ఎక్కడా తాకకూడదు, చివరిదాకా గాలిలో ఉండాలి, అదీ నియమం. తాకితే గుండు దారి తప్పుతుంది. దాన్ని పరీక్షించడానికి ఆ గుట్ట మీద తాతల నాటి నుంచి ఒకటే పద్ధతి. డాలరు నోటు. గొట్టం కిందుగా నోటు దూర్చి కొస నుంచి వెనక్కి లాగుతారు. ఎక్కడా ఆగకుండా జారితే తుపాకీ మంచిది.

లానీ జేబులోంచి నోటు తీసి, గారడీవాడిలా అందరికీ చూపించి, దూర్చి లాగాడు. సర్రుమని వెనకదాకా జారింది. బల్ల మీద పెట్టి మూడు గుళ్లు కాల్చాడు. మూడూ బొటనవేలి గోరంత చోట పడ్డాయి. అప్పుడు వెనక్కి తిరిగి అన్నాడు ఆ మాట. మోకాళ్ల మాట.

అంతటితో ఆగినా బాగుండేది. నవ్వులు తగ్గాక గెరిట్ టోపీ సర్దుకుని, "చూడు వెర్లా, జూలై పోటీ దాకా ఆగుదాం. కంచె మీద పదికి ఆరు కొట్టావా, నీ చోటు నీదే. లేదంటే... రాష్ట్ర పోటీకి మనకి లెక్క రాసే మనిషి కూడా కావాలి కదా. నీ అంత జాగ్రత్తగా ఎవరు రాస్తారు?" అన్నాడు.

ఇదెక్కడి మర్యాద? చెంప మీద కొట్టి, పాపం కందిందని వెన్న రాసినట్టు! ముప్పై ఒక్క ఏళ్లు మంచు తుపానుల్లో వీళ్లని, ఇప్పుడు వీళ్ల పిల్లల్ని, ఒక్కళ్లకి గీత పడకుండా తిప్పిన మనిషి. రోజుకు ఎనభై సార్లు బ్రేకు తొక్కిన మోకాలు. ఆ మోకాలి గురించి, రోజంతా స్టూలు మీద కూర్చునే లానీ తీర్పు చెబుతాడా!

వెర్లా తుపాకీ సర్దుకుని పికప్ వైపు నడిచింది. చెవులు మాత్రం టమాటా పళ్లలా ఉన్నాయి. పికప్‌లో కూర్చున్నాక డోయల్ అన్నాడు, "కనబడకపోయినా తెలుస్తోందే, వేడి ఇక్కడిదాకా కొడుతోంది."

"నవ్వించకు డోయల్. ఇవాళ నాకు నవ్వు రాదు."

ఆ వారమంతా ఇంటి వెనక పశువుల కంచె మీద తుపాకీ ఆనించి అట్ట మీద కాల్చింది. మొదట్లో ఆవిడకే అనుమానం పట్టుకుంది. అందరూ ఒకే మాట అంటుంటే మనిషికి తన మోకాలు తనదే కానట్టు అనిపిస్తుంది. వేడినీళ్ల కాపడం పెట్టింది, పట్టీలు కట్టింది. అయినా గుళ్లు తప్పుతూనే ఉన్నాయి. నాలుగో రోజున అట్ట ఊడదీసి వంటింటి బల్ల మీద పరిచింది.

"డోయల్, నీ చెయ్యివ్వు." ఆయన వేలు పట్టుకుని ఒక్కొక్క చిల్లు మీదా పెట్టింది. "ఇది గురి పెట్టిన చోటు. ఇదిగో తగిలిన చోట్లు. ఏం తెలిసింది?"

"అన్నీ పైనే ఉన్నాయే. ఒకదాని పక్కన ఒకటి."

"కదా! మోకాళ్లు వణికితే గుళ్లు నలుదిక్కులా చెదరాలా వద్దా? కిందికో నాలుగు, పక్కకో నాలుగు పోవాలి. ఇవి బడిపిల్లల్లా వరసకట్టి ఒకే చోటికి పోతున్నాయి. ఇది వణుకు కాదు. దేన్నో ఏదో కిందనుంచి నెడుతోంది."

"మరి నోటు జారిందిగా?"

అదే కొరకరాని కొయ్య. నోటు జారింది. నలభైమంది చూశారు. ఇంట్లో ఆవిడ పదిసార్లు లాగింది. పదిసార్లూ జారింది.

వేసవిలో బస్సుకు పని తక్కువ. పొద్దున పూట పక్క ఊరి కొలనుకు ఈతపిల్లల్ని దింపి రావాలి, అంతే. ఆ సోమవారం పిల్లలు తువ్వాళ్లు మెడలో వేసుకుని వరసలో నిలబడ్డారు. వెర్లా అలవాటుగా కాలిబాట అంచుకు బెత్తెడు ఎడంగా బస్సు ఆపింది. ఖాళీ బస్సు మెట్టుకూ రాతి అంచుకూ మధ్య చెయ్యి దూరేంత సందు ఉంటుంది. పిల్లలు ఎక్కేకొద్దీ బస్సు కుడివైపు కుంగుతుంది. పదిమంది ఎక్కితే రెండు వేళ్లు. ముప్పైమంది ఎక్కితే సందు మాయం. దగ్గరగా ఆపితే మెట్టు రాతిని కర్రుమని గీకుతుంది. కొత్త డ్రైవర్లకు ఆవిడ చెప్పే మొదటి పాఠం అదే. "ఖాళీ బస్సు ఎప్పుడూ బుద్ధిమంతురాలే. నిండాక చూడండి దాని గుణం."

అద్దంలోంచి ఆ సందు మూసుకుపోవడం చూస్తూ చూస్తూ వెర్లా స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి కదలకుండా ఉండిపోయింది.

"మిస్ వెర్లా, పోదామా?" అంది ముందు సీటు పాప.

"పోదాం తల్లీ, పోదాం. ఇన్నాళ్లూ నా కళ్లు ఎక్కడ పెట్టుకున్నానో!"

పిల్లల్ని దింపి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా డోయల్‌ను కంచె దగ్గరికి లాక్కుపోయింది. తుపాకీని కంచె దుంగ మీద పెట్టి ఆయన్ని వెనక మోకరింపజేసింది. "నేను కాల్చేటప్పుడు ఎలా ఆనుకుంటానో అలా ఆనుకో. భుజంతో ముందుకి తొయ్యి. ఒంటి బరువంతా వెయ్యి."

"నా బరువుకి కంచె విరిగితే?"

"విరగనీ."

ఆయన ఆనుకున్నాడు. వెర్లా గొట్టం కింద నోటు దూర్చి లాగింది. జానెడు జారింది. ఆగింది. మళ్లీ లాగింది. కదల్లేదు. "ఇప్పుడు లే," అంది. ఆయన లేవగానే నోటు వెనకదాకా జారిపోయింది.

ఉక్కు బిళ్లల స్క్రూలు విప్పి పక్కపక్కన నిలబెట్టింది. పొట్లంలోవి రెండూ పొట్టి. డబ్బాలోవి రెండూ గోరు మందం పొడుగు. ఆ మొనలు చాసీ లోపలికి పొడుచుకొచ్చి గొట్టానికి వెంట్రుకవాసి దూరంలో నక్కి ఉన్నాయి. లానీ తగిలించిన ఆ పొడుగు కొస ముక్క కంచె మీద ఆని బరువు పడినప్పుడల్లా, దానితోపాటు చాసీ ముందుభాగం ఇంచుక పైకి వంగుతోంది. వంగినప్పుడల్లా మొన గొట్టాన్ని పైకి పొడుస్తోంది. పడుకుని కాలిస్తే బరువు పడదు, కాబట్టి పొడవదు. దవడల పట్టులో అసలే పొడవదు.

"హమ్మయ్య. స్క్రూలు మార్చేసెయ్. జూలైలో వెళ్లి ఆరు కొట్టేసెయ్. గొడవ వదిలిపోతుంది," అన్నాడు డోయల్.

"మార్చెయ్యనా? వాళ్లేమనుకుంటారో తెలుసా? మోకాళ్లకి మందు పడింది కాబోలు అనుకుంటారు!"

"అనుకుంటే అనుకోనీ. చోటు దక్కుతుందిగా."

"చోటూ దక్కాలి, మాటా తుడిచిపెట్టుకుపోవాలి డోయల్. నా చోటు మీద అనుమానం పెట్టింది ఆ మాటే. వాడు గోడచాటున అనలేదు. నలభైమంది ముందు అన్నాడు. నేను వంటింట్లో నోరు మూసుకుని స్క్రూ మార్చుకోవాలా?"

రెండు వారాలు ఉక్కు బిళ్లలూ కొస ముక్కా లేకుండా కంచె మీద కాల్చింది. గుళ్లు ఎక్కడ చూస్తే అక్కడ పడ్డాయి. మోకాళ్లు నొప్పి పెట్టాయి, అది వేరే సంగతి. జూలై పోటీ రోజు పొద్దున మాత్రం కొస ముక్కనూ, బిళ్లలనూ, ఆ పొడుగు స్క్రూలనూ ఎక్కడివక్కడ తిరిగి బిగించింది. డోయల్ తల పట్టుకున్నాడు. "జబ్బు తగ్గాక డాక్టరుకి చూపించడానికి మళ్లీ జ్వరం తెచ్చుకునే మనిషిని నిన్నే చూశా."

గుట్ట మీద గాలి వీస్తోంది. క్లబ్బు ఆడవాళ్లూ మగవాళ్లూ మాంసం, చిక్కుడుగింజల చిల్లీ పులుసు కుండ పొయ్యి మీద పెట్టారు. పక్కన దాల్చినచెక్క పొడి చల్లిన తియ్యరొట్టెల పళ్లెం. చిల్లీలో ఆ తియ్యరొట్టె ముంచుకుని తినకపోతే ఆ ఊళ్లో పోటీ జరిగినట్టు కాదు. పోటీకి ముందు గెరిట్ జాగ్రత్తలన్నీ చదివి, ఎప్పటిలాగే, "ఎవరన్నా ఏమన్నా చెప్పాలా?" అని అడిగి, ఎప్పటిలాగే జవాబు కోసం ఆగకుండా కాగితం మడవబోయాడు. ఇరవై ఏళ్లలో ఆ ప్రశ్నకు ఎవరూ చెయ్యెత్తలేదు.

వెర్లా చెయ్యెత్తింది.

"నేను చెప్పాలి. లానీ, ఇలా రా. నోటు ఉందా జేబులో? కిందటి నెల గారడీ మళ్లీ చెయ్యి."

"ఎందుకు మిస్ వెర్లా? చూశాంగా," అన్నాడు లానీ నవ్వుతూ.

"చూశావు, ఖాళీ బస్సుని చూశావు. గెరిట్, నువ్వు ఈ కంచె మీద తుపాకీ పెట్టి వెనక మోకరించు. నీ మోకాళ్లు బానే ఉన్నాయి కదా? పాలడైరీ మోకాళ్లు!"

కొందరు నవ్వారు. ఈసారి నవ్వు రెండోవైపు తిరిగింది. గెరిట్ టోపీ తీసి మోకరించి, ఆవిడ చెప్పినట్టు భుజంతో నెట్టి బరువంతా వేశాడు. లానీ నోటు దూర్చి లాగాడు. ఆగింది. ఇంకాస్త గట్టిగా లాగాడు. చిర్రుమని నోటు నడుమ చిరిగి సగం అతని వేళ్ల మధ్యకు వచ్చింది.

వెనక మడత కుర్చీలోంచి డోయల్ గొంతు వినబడింది. "నాకు కనబడదు, ఎవరన్నా చెప్పండయ్యా. జారిందా?"

"జారలేదు డోయల్," అన్నారెవరో.

లానీ మోకరించి, గొట్టం కిందికి దీపం వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచేసరికి గడ్డం పైనున్న ముఖమంతా ఎర్రబడింది. "పొట్లంలో స్క్రూలు తక్కువొచ్చాయి మిస్ వెర్లా. డబ్బాలోవి... పొడుగవుతాయని అనుకోలేదు. ఆ పొట్లం వాళ్లే..."

"పొట్లం వాళ్లు చెప్పారా నీకు, నా మోకాళ్ల గురించి?"

లానీ చిరిగిన నోటు ముక్కను జేబులో కుక్కుకున్నాడు.

"స్క్రూ తప్పు ఎవరైనా చేస్తారు లానీ. నేను కూడా తొమ్మిది హంగులు తగిలించుకుని మురిశాను. దానికి నేను నిన్నేమీ అనను. కానీ 'అవేనా' అని అడిగాను నేను. 'అన్నీ ఒకటే' అన్నావు. తుపాకీలో ఏదో ఉందని మూడు నెలలు మొత్తుకున్నాను. చూసి చెప్పాల్సింది పోయి నవ్వించావు. బరువు పడితే సందు మూసుకుపోతుందని నీకు తెలీదా? నా బస్సులో ముప్పైమంది పిల్లల్ని కుడివైపుకి తోసి, మెట్టు రాయికి గీకించి కేరింతలు కొట్టింది ఎవర్రా? నువ్వు కాదూ?"

ఇప్పుడు గుట్టంతా నవ్వింది. ఆ బస్సులో ఉన్నవాళ్లు అక్కడ పదిమందైనా ఉన్నారు. లానీ కూడా తల దించుకునే నవ్వబోయి, ఆవిడ నవ్వడం లేదని చూసి ఆపేశాడు. గొంతు సవరించుకుని అందరివైపూ తిరిగాడు.

"తప్పు నాది. నేను బిగించిన స్క్రూ. ఆవిడ మోకాళ్ల మీద పెట్టాను. తప్పు నాదే."

"గట్టిగా. డోయల్ వెనకున్నాడు," అంది వెర్లా.

"తప్పు నాదే!" అని అరిచాడు లానీ.

గెరిట్ మోకాళ్లు దులుపుకుంటూ, "అయితే ఇంకేం వెర్లా, నీ చోటు సంగతి..." అని మొదలుపెట్టాడు.

"నువ్వాగు గెరిట్. పదికి ఆరు అన్నావు. ఆరు కొట్టాకే తీసుకుంటాను. దయ మీద వచ్చింది దయ మీదే పోతుంది. లెక్క రాసేవాడు మాత్రం లానీ కావాలి నాకు. జాగ్రత్తగా రాస్తాడు."

అందరి ముందే లానీ నడుము సంచిలోంచి స్క్రూలు విప్పే కీ లాగి, కొస ముక్క ఊడదీసింది, ఉక్కు బిళ్లలు ఊడదీసింది, కొక్కెం, అడుగుపట్టీ, నీటిబుడగ గొట్టం అన్నీ ఒక్కొక్కటే అతని దోసిట్లో పెట్టింది. చివరికి ఊదారంగు పిడి కూడా తీసింది. దాని చోట, విరిగిన చెక్క దిమ్మ నుంచి డోయల్ తడిమి తడిమి చెక్కిన పిడి బిగించింది. మిగిలింది భుజందిండు, చెంపపట్టీ, ముందు తిరిగి బిగించిన ఒకే ఒక్క బిళ్ల, అదీ పొట్టి స్క్రూలతో. ఆవిడ మొదటిరోజున అడిగిన మూడూ.

ఆవిడ వంతు వచ్చేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. వెర్లా కంచె వెనక మోకరించింది. నాలుగు వందల ఎనభై గజాల దూరాన తెల్ల పలక గాలికి సన్నగా ఊగుతోంది. లానీ పక్కన నిలబడి చేతిలోని లెక్కల పలక మీద వేలు పెట్టి ఉన్నాడు.

పేలింది. దూరం నుంచి టంగుమన్న మోత ఆలస్యంగా వచ్చింది.

"తగిలింది," అన్నాడు లానీ.

"వినబడలా!" అన్నాడు వెనకనుంచి డోయల్. మోత విన్నాడు, ఆయనకు కావలసింది అది కాదు.

"తగిలింది!" లానీ ఈసారి గొంతెత్తాడు. రెండోది, మూడోది. నాలుగోది గాలికి ఎడమకు పోయింది, ఆవిడ సర్దుకుంది. అయిదు, ఆరు, ఏడు. ఏడోదానికి ఆరు మోతలు పూర్తయ్యాయి. గెరిట్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. వెర్లా ఆగలేదు. ఎనిమిది. తొమ్మిది. లానీ గొంతు బొంగురుపోయేలా అరుస్తూనే ఉన్నాడు.

పదోదానికి ఎడమ మోకాలు కలుక్కుమంది. ఆ కలుకు భుజంలోకీ, భుజం నుంచి తుపాకీలోకీ పాకింది. పేలింది. మోత రాలేదు. పలకకు కుడిపక్కన, కిందగా, కొంచెం దుమ్ము లేచింది.

లానీ వేలు లెక్కల పలక మీద తచ్చాడింది. "గాలి వచ్చినట్టుంది మిస్ వెర్లా..." అన్నాడు మెల్లగా.

వెర్లా కంచె పట్టుకుని లేచింది. మోకాలు రుద్దుకుంది. చెవులు మామూలు రంగులోకి వచ్చాయి.

"గాలి కాదు, గీలి కాదు. అది కిందకీ పక్కకీ పోయింది, చూడలా? అది మోకాలే. అది నాది," అంది. "తప్పింది అని రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి."